పదవ తరగతి పిదప: ఇంటియొద్ద పై చదువునకు సంసిద్ధత

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన దినమున మన గ్రామములలో పెక్కు ఇండ్లలో పండుగ జరుగును. మిఠాయి పంచుదురు, బంధువులకు కబురు పంపుదురు, పిల్లవాడు ఇంజనీరగునా, డాక్టరగునా యని అరుగులమీద చర్చలు సాగును. ఏడాది తిరుగునప్పటికి ఆ ఇండ్లలోనే కొన్నింట మాట మారుచున్నది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు గణితములోనో, భౌతికశాస్త్రములోనో తప్పిన విద్యార్థి తల వంచుకొని కూర్చుండును. “వీనికి చదువు అబ్బలేదు” అని తండ్రి నిశ్చయించును. కొడుకు కూలికి పోవును. కూతురైనచో సంబంధములు చూచుట మొదలగును. ఒక పరీక్షలోని కొన్ని మార్కులు ఒక జీవితపు దారినే మార్చివేయుచున్నవి.

ఇట్లు తప్పినవారిలో చాలమందికి కొరవడినది తెలివి కాదు, సంసిద్ధత. ఆ సంసిద్ధతను చాలవరకు ఇంటియొద్దనే, పెద్ద వ్యయము లేకుండ సమకూర్చవచ్చును. తల్లిదండ్రులు అక్షరాస్యులు కాకపోయినను ఇది సాధ్యమే. ఆ విధానమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

రెండు తరగతుల నడుమ దూరము

ఆంధ్రప్రదేశమున రెండేండ్ల ఇంటర్మీడియట్ విద్య 1969–70లో ప్రారంభమైనది. 1971లో దానికి ప్రత్యేక విద్యామండలి ఏర్పడినది. పాఠశాలకును, వృత్తివిద్యా కళాశాలలకును నడుమ నాటినుండి నేటివరకు ఇదియే ముఖ్యమైన వంతెన. ఈ వంతెన మొదటి మెట్టు మూడు కారణములచే ఎత్తుగానుండును.

మొదటిది పాఠముల వేగము. పదవ తరగతిలో త్రికోణమితి ఒకటి రెండు అధ్యాయములకే పరిమితము. కళాశాలలో చేరిన కొలదివారములకే భౌతికశాస్త్రపు అధ్యాపకుడు బలములను విభజించుటకు సైన్, కొసైన్‌లను వాడును. అవి విద్యార్థికి వచ్చునని తలచి ముందుకు సాగిపోవును. రెండవది భాష. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలకు విషయము తెలిసినదే యైనను, పేరు తెలియక అది క్రొత్తదిగ తోచును. మూడవది చదువు తీరు. పదవ తరగతి ప్రశ్నలలో అనేకమును కంఠస్థముతో దాటవచ్చును. పై తరగతిలో రెండు మూడు భావములను జోడించి ఆలోచింపవలెను. ఎనిమిదవ తరగతిలో ఎక్కక విడిచిన మెట్టు కళాశాలలో కాలికి తగులును.

పదవ తరగతి పరీక్షలు ముగిసినది మొదలు కళాశాల తెరచువరకు సుమారు రెండు నెలల వ్యవధి యుండును. ఈ దూరమును తగ్గించుటకు ఇంతకంటె మంచి అదను లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలున్న ఇండ్లవారు ఇప్పటినుండియే వారమునకు రెండు దినములు దీనికై కేటాయించిన మరింత మేలు.

ముందు పునాదిని పరీక్షింపుడు

వైద్యుడు నాడి చూడక మందు ఈయడు. అట్లే ఏది రాదో తెలిసికొనక చదువ మొదలిడుట వృథా ప్రయాస. ఈ క్రింది అయిదు లెక్కలను పిల్లవానికి ఇచ్చి, పుస్తకము చూడక చేయుమనుడు.

1. ముప్పాతికకు, అనగా 3/4కు, 5/6 కలిపిన ఎంత?
2. మైనస్ 7 నుండి మైనస్ 12 తీసివేసిన ఎంత?
3. 2 యొక్క అయిదవ ఘాతమును 2 యొక్క మూడవ ఘాతముచే గుణించిన ఎంత?
4. ఒక సంఖ్య యొక్క వర్గము నుండి ఆ సంఖ్యకు అయిదు రెట్లు తీసివేసి, 6 కలిపిన సున్న వచ్చును. ఆ సంఖ్య ఏది?
5. లంబకోణ త్రిభుజమున లంబకోణము చేయు భుజములు 6, 8 సెంటీమీటర్లు. కర్ణమెంత? 6 సెంటీమీటర్ల భుజమునకు ఎదురుగానున్న కోణపు సైన్ విలువ ఎంత?

సమాధానములు వరుసగ: 19/12, 5, 256, 2 లేక 3, కర్ణము 10 సెంటీమీటర్లు, సైన్ విలువ 0.6.

సమాధానము సరిపోయినంత మాత్రమున తృప్తి పడరాదు. “ఎట్లు వచ్చినది?” అని అడుగుడు. నాలుగవ లెక్కలో ఒక్క సంఖ్యయే చెప్పిన బాలునికి పద్ధతి సగమే తెలిసినదన్నమాట. మొదటి రెండింట తడబడినవాడు ఆరు, ఏడు తరగతుల పుస్తకములను మరల తెరువవలెను. మూడవదానిలో తప్పినవాడు ఎనిమిదవ తరగతికిని, చివరి రెండింట తప్పినవాడు పదవ తరగతికిని మరలిపోవలెను. పదునైదేండ్లవాడు ఆరవ తరగతి పుస్తకము పట్టుకొనుట నామోషీ కాదు. కూలిన గోడను పునాది నుండి కట్టువానిని ఎవ్వరును నవ్వరు.

పొలము గట్టున గణితము

పల్లెటూరి పిల్లలకు పట్టణపు పిల్లలకు లేని సౌకర్యమొకటి కలదు. లెక్కలు వారి చుట్టునే యున్నవి.

మూడు మూలల చెక్క ఒకటి యున్నదనుకొందము. దాని అడుగుభుజము 60 మీటర్లు. ఆ భుజము నుండి ఎదుటి మూలకు నిలువు దూరము 40 మీటర్లు. వైశాల్యము 60ని 40చే గుణించి సగము చేయగా 1,200 చదరపు మీటర్లు. ఒక సెంటు సుమారు 40.47 చదరపు మీటర్లు గనుక ఆ చెక్క రమారమి 30 సెంట్లు. ఈ లెక్కను పిల్లవాడు టేపు పట్టి తానే కొలిచి చేసినచో సూత్రమును మరల మరువడు.

తాడిచెట్టు ఎక్కకయే దాని ఎత్తును కనుగొనవచ్చును. ఒక మీటరు కర్రను ఎండలో నిలువుగ పాతుడు. దాని నీడ 80 సెంటీమీటర్లున్న సమయముననే చెట్టు నీడ 12 మీటర్లున్నచో, చెట్టు ఎత్తు 12ను 0.8చే భాగింపగా 15 మీటర్లు. ఇది పదవ తరగతిలోని సరూప త్రిభుజముల పాఠము. కర్ర ఎత్తును నీడచే భాగింపగా వచ్చిన 1.25 సూర్యకిరణము నేలతో చేయు కోణమునకు టాన్ విలువ. కళాశాలలో భయపెట్టు త్రికోణమితికి మొదలిదియే.

వడ్డీ లెక్క అందరికిని తెలిసినదే. మన పల్లెలలో నూటికి రెండు రూపాయలన్న అది నెలకు. అనగా ఏడాదికి నూటికి 24. యాబది వేలు అప్పు తెచ్చిన బారువడ్డీతో రెండేండ్లకు 74,000 రూపాయలగును. ఏడాదికొకసారి వడ్డీని అసలులో కలుపు చక్రవడ్డీయైనచో 76,880 రూపాయలగును. ఈ 2,880 రూపాయల తేడా ఎక్కడనుండి వచ్చెనో మీ అమ్మాయిచే చెప్పించుడు. మొదటి ఏటి వడ్డీ 12,000 మీద రెండవ ఏట పడిన వడ్డీయే యది. ఘాతముల పాఠము ఇందు ఇమిడియున్నది. పిల్లల ఫీజులకై అప్పు చేయబోవు తండ్రి ముందుగ కాగితముపై వేసి చూడవలసిన లెక్కయు ఇదియే.

వంటయింట విజ్ఞానము

భౌతిక, రసాయన, జీవశాస్త్రములను పుస్తకమునందు మాత్రమే చూచిన విద్యార్థికి అవి మాటలుగనే మిగులును. ప్రయోగశాల లేని ఊరిలోను చేయదగిన ప్రయోగములు కలవు.

ఒక మీటరు దారమునకు చిన్నరాయి కట్టి వ్రేలాడదీసి కొంచెము ప్రక్కకు లాగి విడువుడు. అటు నిటు పోయి వచ్చుట ఒక ఊపు. పది ఊపులకు సుమారు 20 సెకండ్లు పట్టును. దారమును 25 సెంటీమీటర్లకు కురచచేసిన పది సెకండ్లు చాలును. పొడవు నాలుగవ వంతు కాగా కాలము సగమే అయినది. ఏల? కాలము పొడవుయొక్క వర్గమూలమును బట్టి మారును గనుక. రాయి బరువు మార్చినను కాలము మారకుండుట పిల్లలకు ఆశ్చర్యము గొల్పును. ఆ ఆశ్చర్యమే చదువునకు మొదటి మెట్టు.

పసుపు పూసిన కాగితముపై సున్నపునీటి చుక్క వేసిన ఎఱ్ఱబడును. నిమ్మరసము తగిలిన తిరిగి పసుపుపచ్చనగును. ఎఱ్ఱమందారపు రేకలను వేడినీట నానబెట్టిన రసము నిమ్మరసముతో మరింత ఎఱ్ఱనగును, సున్నపుతేటతో ఆకుపచ్చనగును. ఆమ్లములు, క్షారములు అను అధ్యాయమునకు ఇంతకంటె చౌకయైన ప్రయోగము లేదు.

జీవశాస్త్రము చదువగోరువారు శనగలను, జొన్నలను తడిగుడ్డలో మొలకెత్తించి చూడవలెను. శనగగింజ రెండు బద్దలుగ విడును, జొన్న విడదు. శనగమొక్కకు తల్లివేరు, జొన్నకు గుబురువేళ్ళు. ఒకదాని ఆకున ఈనెలు వలవలె అల్లుకొనును. రెండవదానియందు వరుసగ సాగును. ద్విదళబీజ, ఏకదళబీజ విభాగమును రైతుబిడ్డ ఇట్లు పొలములో నేర్చుకొనగలడు.

భాషను చూచి బెదరవలదు

ఆంగ్లమాధ్యమమునకు మారు విద్యార్థి ఆంగ్లమంతయు నేర్వనక్కరలేదు. మొదట ఆయా శాస్త్రముల పదములు తెలిసిన చాలును. ఒక నోటుపుస్తకమును నిలువున రెండుగ గీచి, ఎడమ ప్రక్క తెలుగుమాట, కుడి ప్రక్క ఆంగ్లపుమాట వ్రాసికొనవలెను. త్వరణమనగా యాక్సిలరేషన్, బలమనగా ఫోర్సు, ద్రవ్యవేగమనగా మొమెంటమ్, సమీకరణమనగా ఈక్వేషన్, కిరణజన్య సంయోగక్రియ యనగా ఫోటోసింథసిస్. దినమునకు పది పదములైనచో రెండు నెలలలో ఆరువందలగును.

ఒకే పుటల జంటలో తెలుగు, ఆంగ్లములు ఎదురెదురుగ నుండు ద్విభాషా పాఠ్యపుస్తకములను ఇటీవలి సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు పాఠశాలలకు అందించినవి. వానిని పదవ తరగతి ముగియగనే పాతకాగితముల వర్తకునికి అమ్మివేయవలదు. తెలుగుననే చదువువారికి 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ ప్రచురించిన ఇంటర్మీడియట్ గ్రంథములు తోడుగ నుండును. భావము తెలుగులో గట్టిగ నాటుకొన్న విద్యార్థికి ఆంగ్లపదము తొడుగు మాత్రమే.

చదివినది నిలుచుటకు

“రాత్రంతయు చదివినాడు, ఉదయమున ఏమియు గుర్తులేదు” అని తల్లులు వాపోవుట కలదు. లోపము తరచుగ పిల్లవానిది కాదు, పద్ధతిది. చదివినది కాలక్రమమున ఎట్లు మరుపునబడునో జర్మనీ దేశీయుడు హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తనపైననే ప్రయోగములు చేసికొని 1885లో ప్రకటించెను. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అను శాస్త్రజ్ఞులు మరియొక సంగతి నిరూపించిరి. పాఠమును మరల మరల చదివినవారు అయిదు నిమిషముల పిమ్మట పెట్టిన పరీక్షలో మెరుగుగ చెప్పిరి. వారము తరువాత మాత్రము, ఒకసారి చదివి పుస్తకము మూసి గుర్తు తెచ్చుకొని వ్రాసినవారే ఎక్కువ చెప్పగలిగిరి.

కావున పుస్తకము మూసి చెప్పుటయే అసలైన చదువు. ఇచ్చటనే చదువురాని తల్లియు గురువు కాగలదు. రాత్రి భోజనానంతరము “ఈ దినము ఏమి చదివితివి? నాకు తెలియునట్లు చెప్పుము” అని ఆమె అడిగిన చాలును. తల్లికి అర్థమగునట్లు చెప్పలేకపోయిన చోటనే తనకు తెలియని భాగమున్నదని బిడ్డ గ్రహించును. ఆ పాఠమునే మరునాడు, వారమునకు, నెలకు ఒకసారి చొప్పున అడుగవలెను.

వేసవిలో తెల్లవారుజామున రెండు గంటలు గణితము, సాయంకాలము ఒక గంట శాస్త్రము, రాత్రి అరగంట పదములు, అప్పగింతయు చాలును. మొదటి రెండు వారములు భిన్నములు, రుణసంఖ్యలు, ఘాతములు. తరువాత రెండు వారములు బీజగణితము. మరి రెండు వారములు త్రికోణమితి, నిరూపక జ్యామితి. చివరి రెండు వారములు ఇంటర్మీడియట్ పుస్తకములలోని తొలి అధ్యాయములు. పదమూడు మొదలు పదునెనిమిది ఏండ్ల వయస్సువారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని నిద్రాశాస్త్ర నిపుణులు చెప్పుచున్నారు. నిద్రను కోసి చదువును కూర్చుట గట్టు త్రవ్వి చేనికి మట్టి పోయుట వంటిది.

తల్లిదండ్రుల కర్తవ్యము

పాఠము చెప్పుట తల్లిదండ్రుల పని కాదు. వారు చేయవలసినవి వేరుగ కలవు.

ఇంటిలో ఒక మూల, ఒక దీపము, ఒక పీట చదువునకై విడువవలెను. ఆ రెండు మూడు గంటలలో నీళ్ళు తెమ్మని, పశువును కట్టుమని పిలువరాదు. పని నేర్పవలదని మేమనము. పనికిని వేళ యుండవలెను, చదువునకును వేళ యుండవలెను. సెల్‌ఫోను పాఠములు చూచుటకు ఉపయోగపడును. చూచిన పిదప పెద్దల చేతికి రావలెను.

ఆహార విషయమును మరువరాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదునైదు నుండి పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. రక్తము చాలని బిడ్డకు పుస్తకము పట్టగనే కునుకు వచ్చుట సోమరితనము కాదు. రాగులు, ఆకుకూరలు, పప్పులు, వానితోపాటు నిమ్మ లేక ఉసిరిక పెట్టుడు. పాఠశాలలోను, ఆరోగ్యకేంద్రములోను ఇచ్చు ఐరన్ మాత్రలను మ్రింగునట్లు చూడుడు.

ఆడపిల్లల విషయమున ఒక మాట గట్టిగ చెప్పవలసియున్నది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహము చేయరాదు. ఇంటర్మీడియట్ ముగియునాటికి ఆమెకు సాధారణముగ పదునేడేండ్లు. కనుక ఆ రెండేండ్లు చట్టరీత్యా చదువువే. అన్నకు ఇచ్చిన వేళయు, దీపమును చెల్లెలికిని ఇండు. ఇంటిపని ఇద్దరికిని పంచుడు.

పొరుగింటి బిడ్డ మార్కులతో పోల్చి దెప్పుట చదువునకు చేటు. తప్పినచో అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష కలదు, ఏడాది పోదు. ఫలితముల దినమున బిడ్డను ఒంటరిగ విడువక ప్రక్కన కూర్చుండుడు. బిడ్డ తిండి, నిద్ర మాని, మాట తగ్గించి, దిగులుగ నున్నట్లు తోచిన ఉపేక్షింపరాదు. 2022లో ప్రారంభమైన టెలీ-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో నిపుణులు ఉచితముగ సలహా యిత్తురు. పరీక్ష మరల వచ్చును. బిడ్డ మరల రాడు.

గ్రామము చేయూత, ముందున్న దారులు

1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపిన జాతి మనది. ఊరి గ్రంథాలయమునో, పంచాయతీ గదినో, మందిరపు వసారానో వేసవి రెండు నెలలు చదువుకొను పిల్లలకు విడిచి, కళాశాలలో చదువుచున్న ఊరి యువకులలో ఒకరిని వంతులవారీగ కూర్చుండబెట్టిన ఎన్నో ఇండ్ల అవసరము తీరును. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పుస్తకములు, దీక్షా వేదికలోని పాఠములు అంతర్జాలమున ఉచితముగనే లభించుచున్నవి.

ఎనిమిదవ తరగతి పిల్లలకు 2008లో కేంద్రప్రభుత్వము ఏర్పరచిన జాతీయ ఉపకారవేతన పరీక్ష కలదు. కుటుంబ వార్షికాదాయము మూడున్నర లక్షలకు మించని ప్రభుత్వ, స్థానికసంస్థల, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులు దీనికి అర్హులు. ఎన్నికైనవారికి తొమ్మిది నుండి పన్నెండవ తరగతివరకు ఏటా 12,000 రూపాయలు లభించును. గడువు తేదీలను ప్రధానోపాధ్యాయుని అడిగి తెలిసికొనుడు.

పదవ తరగతి పిదప దారి ఒక్కటే కాదు. ప్రవేశపరీక్షతో చేరదగు గురుకుల జూనియర్ కళాశాలలు కలవు. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో మూడేండ్ల డిప్లొమా చేసినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున ప్రవేశింపవచ్చును. గ్రామీణ యువతకై 2008లో ఏర్పడి, ట్రిపుల్ ఐటీలని ప్రజలు పిలుచుకొను విద్యాసంస్థలు నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలోను, తరువాత ఏర్పడినవి ఒంగోలు, శ్రీకాకుళములలోను పదవ తరగతి మార్కుల ఆధారముగ ఆరేండ్ల విద్య నొసగుచున్నవి. చదువు మధ్యలో ఆగినవారికి సార్వత్రిక పాఠశాల కలదు. ఏ దారిన పోయినను పైన చెప్పిన పునాది అవసరమే.

విత్తనము మంచిదైనను దుక్కి సరిగ లేనిదే పంట రాదని మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. మన పిల్లలు మంచి విత్తనములే. ఈ వేసవిలో దుక్కి దున్నుట మన చేతిలోనున్నది.

పఠనమందిరములో చర్చకు ప్రశ్నలు

1. మన ఊరినుండి గత మూడేండ్లలో ఇంటర్మీడియట్‌లో చేరి మానివేసినవారెందరు? ఏ కారణమున?
2. పైన ఇచ్చిన అయిదు లెక్కలను మన ఊరి తొమ్మిది, పది తరగతుల పిల్లలలో ఎందరు చేయగలిగిరి?
3. వేసవి చదువునకు మన ఊరిలో ఏ స్థలము అనుకూలము? దీపము, త్రాగునీరు ఎవరు సమకూర్తురు?
4. ఆడపిల్లలు రాత్రివేళ చదువుకొని క్షేమముగ ఇల్లు చేరుటకు ఏమి ఏర్పాటు చేయవలెను?